మాటకు కదలిన నూరు బండ్లు



పాలి భాషలోని 547 జాతక కథలలో 28వది నందివిశాల జాతకము. తోటి భిక్షువులను దూషించుచున్న కొందరిని మందలించుచు, జేతవనమున బుద్ధ భగవానుడు దీనిని చెప్పెనని ప్రతీతి.

గాంధార దేశమున, తక్షశిలలో ఒక బ్రాహ్మణుడు నందివిశాలుడను ఎద్దును కన్నబిడ్డవలె పెంచెను. ఆ ఋణము తీర్చదలచిన ఎద్దు, నూరు బండ్లు లాగెదనని వేయి నాణెముల పందెము కట్టించెను. ఇసుక, రాళ్లు నింపిన బండ్లను వరుసగా కట్టిరి. బ్రాహ్మణుడు ముల్లుకఱ్ఱ ఎత్తి "లాగరా, దొంగా!" అని గద్దించెను. ఎద్దు స్తంభమువలె నిలిచిపోయెను. పందెము పోయినది.

ఇంట కుమిలిపోవుచున్న యజమానిని ఎద్దు అడిగెను: "నీ ఇంట ఎన్నడైన ఒక కుండనైన పగులగొట్టితినా? మరి నేను దొంగనెట్లైతిని?" మరల రెండువేలకు పందెము కట్టిరి. ఈమారు బ్రాహ్మణుడు వీపు నిమిరి "లాగు, నాయనా" అనెను. కడపటి బండి మొదటిదాని చోటికి చేరెను.

ఎద్దు బలము రెండుమారులును ఒక్కటే, మారినది మాట. బ్రాహ్మణునికి ప్రేమ లేక కాదు, నలుగురి ఎదుట నోరు జారినది.

మనమును నంది కొమ్ముల నడుమనుండి శివుని దర్శించి ఇంటికి వచ్చి, మార్కులు తగ్గిన బిడ్డను చుట్టముల ఎదుట "మొద్దు" అనుచున్నాము. ఎద్దు అడిగిన ప్రశ్న ఆ బిడ్డ అడుగలేదు, నిలిచిపోవును, అంతే. ఉద్వేగము కలిగింపని, సత్యమును ప్రియమును హితమును అయిన వాక్కునే గీత 17వ అధ్యాయము తపస్సనినది. ఆ తపస్సు మన గడపలోనే ఆరంభింతము.

స్వస్తి.