రాజధాని వెలుపల కేంద్ర కార్యాలయములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమును గూర్చి నాకు ముందు మాటలాడిన పెద్దలు చెప్పవలసినదంతయు చెప్పిరి. నన్ను మాత్రము కార్యదర్శిగారు వేరొక విషయముపై మాటలాడుమనిరి. ఇక్కడి పత్రికల బల్ల చుట్టును తరచుగా జరుగు వాదమే అది. కేంద్ర ప్రభుత్వ శాఖలన్నియు ఢిల్లీలోనే ఎందుకుండవలెను? కొన్నింటిని ఇతర ప్రాంతములకు తరలింపరాదా? నేను ముప్పదియేండ్లకు పైగా కేంద్ర ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి, ఒక పర్యాయము కార్యాలయముతోపాటు నేనును తరలింపబడినవాడను. అందుచేత నా అనుభవము కొంత పనికివచ్చునని వారి తలంపు.

తరలింపు అనగానే అందరును తుగ్లకు పేరెత్తుదురు. 1327 ప్రాంతమున ఆయన రాజధానిని దౌలతాబాదునకు మార్చి, కొన్నియేండ్లకే వెనుకకు మరలెను. అది మనకు నవ్వుటకు పనికివచ్చు కథ. కాని ఆంగ్లేయుల కాలమున, 1864 మొదలుకొని, ఏటేట వేసవిలో ప్రభుత్వము కాగితములతో గుమాస్తాలతో కొండయెక్కి సిమ్లాకు పోవుచుండెను. దానిపై మాత్రము మనవారు సామెత కట్టలేదు! 1911లో కలకత్తానుండి ఢిల్లీకి రాజధానిని మార్చుట ప్రకటింపబడినను అన్ని శాఖలును కదలలేదు. 1851లో ఏర్పడిన జియలాజికల్ సర్వే ప్రధాన కార్యాలయము నేటికిని కలకత్తాలోనే యున్నది. సర్వే ఆఫ్ ఇండియా డెహ్రాడూనులో నున్నది. కావున కేంద్ర కార్యాలయము రాజధానిలోనే యుండితీరవలెనను నియమము ఎన్నడును లేదు.

పల్లెటూరివారమగు మనము ముఖ్యముగా తెలిసికొనవలసినది పూసా కథ. బీహారులోని పూసా అనుచోట 1905లో వ్యవసాయ పరిశోధనాలయము స్థాపింపబడినది. 1934 జనవరిలో వచ్చిన మహాభూకంపమున దాని భవనము పాడయ్యెను. పరిశోధనాలయమును అచ్చటనే నిలుపక ఢిల్లీకి తరలించిరి. 1936లో అక్కడ క్రొత్త భవనము ప్రారంభమయ్యెను. సంస్థతోపాటు పేరును ప్రయాణము చేసినది. ఢిల్లీలోని ఆ ప్రదేశమును నేటికిని పూసా యనియే పిలుతురు. పూసా బాసుమతి మాట విన్నవారు మీలో ఎందరో యుందురు. ఆ పూసా బీహారుదని ఎరిగినవారెందరు? అచ్చట ఒక చిన్న శాఖ మిగిలినను, పూసాకు వ్యవసాయ విశ్వవిద్యాలయము దక్కుటకు 1970 వరకు పట్టినది.

ఇందుకు మారుగా మన గుంటూరును చూడుడు. 1975 నాటి చట్టముననుసరించి 1976 జనవరి 1వ తేదీన పొగాకు బోర్డు ఏర్పడి గుంటూరు ప్రధాన స్థానమయ్యెను. రైతుల నమోదు, బ్యారన్లకు లైసెన్సులు, వేలముపాటలు దాని పనులు. తగవు వచ్చిన రైతు ఉదయము బస్సెక్కి గుంటూరు పోయి, అధికారిని చూచి, రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. కాఫీ బోర్డు బెంగళూరులో, రబ్బరు బోర్డు కొట్టాయములో, కొబ్బరి బోర్డు కొచ్చిలో నుండుటయు ఈ కారణముననే.

ఇవి బోర్డులే గదా, శాఖలు కావు గదా యని ఒక మిత్రుడు నిన్న నన్ను నిలదీసెను. అంతరిక్ష శాఖ 1972లో ఏర్పడినది. దాని కార్యదర్శి పీఠము బెంగళూరు. ఇస్రో అధ్యక్షుడును ఆయనయే. అణుశక్తి శాఖ 1954 నుండి బొంబాయిలో నడచుచున్నది. అణు ఖనిజముల అన్వేషణ సంస్థ 1974లో ఢిల్లీనుండి హైదరాబాదునకు వచ్చినది. 2001లో బీమా నియంత్రణ సంస్థయు ఆ విధముగనే వచ్చినది. 1955లో డాక్టర్ అంబేద్కర్ భాషారాష్ట్రములపై వ్రాసిన గ్రంథమున, హైదరాబాదును దేశమునకు రెండవ రాజధానిగా చేయవలెనని సూచించిరి. ఆ గ్రంథము మన బీరువాలలో లేకున్నచో తెప్పింపవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.

పార్లమెంటులో ప్రశ్న అడిగిననాడు మంత్రికి అధికారులు దగ్గర నుండవలెను గదా యను ఆక్షేపణ కలదు. అది కొట్టివేయదగినది కాదు. 2023లో జపాను ప్రభుత్వము తన సాంస్కృతిక శాఖను టోక్యోనుండి క్యోటోకు మార్చినప్పుడు సైతము కొన్ని విభాగములను రాజధానిలోనే ఉంచెను. ఏది కదలవలెను, ఏది నిలువవలెను అనుట నేర్పుతో తేల్చవలసిన పని. నా కార్యాలయమున అది తేలలేదు.

మమ్ములను దక్షిణాది నగరమొకదానికి తరలించు ఉత్తర్వు వచ్చినప్పుడు నేను లోలోన సంతోషించితిని. మా అమ్మగారు వృద్ధురాలు, నాలుగుగంటల ప్రయాణములో నుండిరి. నా ప్రక్క బల్లవానికి అది పిడుగుపాటు. అతని భార్య ఢిల్లీలో ఉపాధ్యాయిని, కుమార్తె పదవ తరగతి. అతడును, అతనివంటి పలువురును వేరు కార్యాలయములకు మార్పించుకొని ఢిల్లీలోనే యుండిపోయిరి. బీరువాలు లారీలపై వచ్చినవి. ఏ కాగితము ఏ బీరువాలో నుండునో ఎరిగినవారు రాలేదు. అంతకన్న పెద్ద లోపము మరియొకటి. సొమ్ము మంజూరు చేయు అధికారము రెండేండ్లవరకు ఢిల్లీలోనే నిలిచిపోయెను. మేము వ్రాసిన ప్రతి కాగితమును అచ్చటికి పోయి రావలసినదే.

మన వైపు పల్లెనుండి ఒక ముసలాయన, కాలముచేసిన కుమారునికి రావలసిన సొమ్ముకొరకు వచ్చెను. మొదటిసారి, వచ్చే వారము రమ్మంటిని. కాగితము ఢిల్లీకి పోయినదని చెప్పుటకు నాకు సిగ్గయ్యెను. రెండవసారియు అదే మాట. మూడవసారి చెప్పక తప్పలేదు. ఆయన గొడుగు గోడకు ఆనించి, "బాబూ, ఆఫీసు దగ్గరకొచ్చిందని సంతోషపడ్డాను. సంతకం రాలేదా?" అనెను. ఆ సొమ్ము పదునొకండవ నెలలో వచ్చినది. మొదటి దినమే నిజము చెప్పియుండినచో ఆయనకు రెండు ప్రయాణముల ఖర్చు మిగిలెడిది. ఆ తప్పు ఢిల్లీది కాదు, నాది.

అందుచేత ఫలానా శాఖ మన ప్రాంతమునకు వచ్చుచున్నదని పత్రికలో చదివినప్పుడు, భవనమునకెన్ని ఎకరములిచ్చిరని కాక, మంజూరు చేయు అధికారి ఎచ్చట కూర్చుండునని మన శాసనసభ్యుని, పార్లమెంటు సభ్యుని అడుగుడు. ఉద్యోగుల పిల్లల చదువునకు ఏమి ఏర్పాటు చేసిరనియు అడుగుడు. పని తెలిసినవారు వచ్చుట దానిపై ఆధారపడియున్నది.

రైతులకును పింఛనుదారులకును పనిపడు కేంద్ర కార్యాలయములు ఎచ్చటెచ్చట నున్నవో ఒక పట్టిక వ్రాసి తెచ్చితిని. పత్రికల బల్లకు ఎదుటి గోడపై తగిలించెదమని కార్యదర్శిగారు అంగీకరించిరి. చిరునామాలు మారినప్పుడు దిద్దుటకు ప్రక్కన కొంత స్థలము విడిచితిని.