రెండు తలుపుల గ్రంథాలయం



2020 మార్చి నాటికి మీరు చాలా చిన్నవారు. ఆ నెలలో కరోనా వ్యాధి మన మారిషస్ దీవికి వచ్చింది. బడులు మూతపడ్డాయి. గ్రంథాలయాలూ మూతపడ్డాయి. అలమరలలో పుస్తకాలున్నాయి, తీసి చదివేవారు లేరు.

అప్పుడు అనేక దేశాలలో గ్రంథాలయాలు ఏం చేశాయో తెలుసా? ఇంటర్నెట్ అనే రెండో తలుపును బార్లా తెరిచాయి. ఇంట్లో ఉండే సభ్యులుగా చేరవచ్చు. ఫోనులో పుస్తకం చదవవచ్చు. గ్రంథాలయంవారు చెప్పే కథ వినవచ్చు. అమెరికాలో చాలా గ్రంథాలయాలు భవనం మూసినా వైఫై ఆపలేదు. ఇంట్లో ఇంటర్నెట్ లేనివారు ఆవరణలో కారు నిలిపి, అందులోనే కూర్చుని చదువుకున్నారు.

వ్యాధి తగ్గింది. భవనాలు మళ్ళీ తెరిచారు. ఇక రెండో తలుపు మూసివేయవచ్చునా? కూడదు. నడవలేని వృద్ధులకు, దూరపు ఊళ్ళవారికి అదే దారి. కాని దానిని తెరిచి ఉంచడం తేలిక కాదు. కాగితం పుస్తకం ఒకసారి కొంటే చిరిగేదాకా గ్రంథాలయానిదే. ఈ-పుస్తకాలలో చాలావాటికి గడువు ఉంటుంది. 2011లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ, తన ఈ-పుస్తకాన్ని 26 సార్లు పాఠకులకు ఇచ్చాక గ్రంథాలయం మళ్ళీ కొనాలని నియమం పెట్టింది. అంటే అది అద్దె ఇల్లు వంటిదన్నమాట! అందుకే ఏటేటా డబ్బు కావాలి. పని తెలిసిన మనుషులూ కావాలి.

మొదటి తలుపూ కావాలి సుమా! ఆ రోజులలో నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళింట్లో ఫోను ఒక్కటే. చదువుకునే పిల్లలు ముగ్గురు. తన వంతు వచ్చేసరికి రాత్రయ్యేది. బడి తెరిచాక ఒక తెలుగు కథల పుస్తకం చేతికిచ్చాను. "గురువుగారూ, దీన్ని రేపటిదాకా ఎవరికీ ఇవ్వక్కరలేదు కదా?" అని అడిగింది. ఆ మాట నేను మరచిపోలేదు.

మన దీవిలో తెలుగు పుస్తకాలు తక్కువ. కనుక రెండో తలుపు మనకు మరీ అవసరం. భారతదేశంలోని ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు. ఈ వారం అందులో ఒక కథ చదవండి. మరొక పుస్తకం గ్రంథాలయానికి వెళ్ళి తెచ్చుకోండి. నలుగురూ వచ్చిపోతూ ఉంటేనే ఏ తలుపైనా తెరిచి ఉంటుంది.