వలసవచ్చినవారు – సంఘకార్యభారము
(ఇబ్రహీంపట్నమున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో రెండు మాటలు విన్నవించుకొనుటకు అవకాశ మొసగిన ఆహ్వానసంఘమువారికి మేము మిక్కిలి కృతజ్ఞులము. మాకంటె విద్యావయోవృద్ధులు ఈ వేదికపై ననేకులు గలరు. విద్యాభివృద్ధిని గూర్చియు, నేతపరిశ్రమ దుస్థితిని గూర్చియు వారు ప్రసంగింతురు. మే మెన్నుకొనిన విషయము చిన్నది. వినుటకంత యింపైనదియు గాదు. ఇతర ప్రాంతములనుండి వలసవచ్చి మనలో గలసిన కుటుంబములవారిని సంఘముల కార్యవర్గములయందును, పాఠశాలల కమిటీలయందును, సహకారసంఘముల పాలకవర్గములయందును కూర్చుండబెట్టవలెనని అందరమును అనుచున్నాము. కాని కూర్చుండబెట్టుటకు ముందు వారిని ఆ పనికి సిద్ధపరచు భారము ఎవరిది? అది మనదే యని మా మనవి.

ఈ యూరి నొకసారి పరికింపుడు. రెండు జాతీయ రహదారులు గలియు చోటిది. పొరుగుననున్న కొండపల్లిలో పొణికికర్రతో బొమ్మలు చేయు ఆర్యక్షత్రియులు పూర్వము రాజస్థానమునుండి వచ్చినవారని తరతరముల వాడుక. 1979లో ఇచట థర్మల్ విద్యుత్కేంద్రపు మొదటి యూనిట్ పనిచేయ నారంభించినది. నేడు నార్ల తాతారావుగారి పేర నున్న ఆ కేంద్రపు నిర్మాణమునకును, పిమ్మట కొండపల్లి పారిశ్రామికవాడకును నానా జిల్లాలనుండి జనులు వచ్చి పేటలు గట్టుకొనిరి. మా కుటుంబమును అట్లు వచ్చినదే. మగ్గము గుంటను పూడ్చి, ఇత్తడి బిందెలు రెండు, మార్కండేయస్వామి పటమొకటి పట్టుకొని దిగినవారము.

2015లో గోదావరి నీరు పట్టిసీమ యెత్తిపోతలనుండి కాలువలవెంట పయనించి ఈ ఫెర్రీ కడనే, పవిత్రసంగమమున, కృష్ణలో గలసినది. బ్యారేజీ దిగువను ఆ నీరు పొలములకు బారునపుడు ఇందులో కృష్ణ యెంత, గోదావరి యెంత యని డెల్టా రైతు అడుగడు. మన చందా పుస్తకమున మాత్రము పాతవారికొక భాగమును, వచ్చినవారికొక భాగమును నేటికిని గలవు. వసూలునకు రెండు భాగములకును పోవుదుము; సలహాకు మొదటి భాగమునకే పోవుదుము.

ఇక మా యనుభవము నొకదానిని చెప్పుకొనవలసియున్నది. దానిని దాచుటవలన ప్రయోజనము లేదు. మేము వచ్చిన కొన్నేండ్లకు, ‘వచ్చినవారి తరఫున నొకడుండవలె’నని ఒక సంఘమువారు మమ్ము కార్యవర్గమున జేర్చుకొనిరి. ఆ సంఘము పేరు చెప్పము. శాలువ గప్పిరి, ముందు వరుసలో కుర్చీ వేసిరి. సభ నోటీసు సభ జరుగు సాయంకాలమున చేతికి వచ్చెడిది. కోరమనగా నేమో మే మెరుగము. మినిట్సు పుస్తకమున తీర్మానము వ్రాయుటకు ముందే సంతకములు చేయించు వాడుక అచట నుండెడిది. వ్రేలుపెట్టి చూపినచోట మేమును చేసితిమి. తెలియదని యడుగుటకు సిగ్గు. అడిగినచో మొదటి రోజే మొండివాడను పేరు వచ్చునేమోనను భయము.

రెండేండ్లకు తెలియవచ్చిన దేమనగా, సంఘపు స్థలమును నామమాత్రపు అద్దెకు పది సంవత్సరములపాటు ఒకరికి విడిచిపెట్టిన తీర్మానముక్రింద మా సంతకము స్పష్టముగా నున్నది. ఆ స్థలము కొనునపుడు మా పేటలోని స్త్రీలు కూలినాలి చేసి కూడబెట్టినదానినుండి చందా లిచ్చియుండిరి. వారిలో నొక వృద్ధురాలు మా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, “నువ్వు మావాడివనే గదా బాబూ అక్కడ కూచోబెట్టింది. నువ్వూ సంతకం పెట్టావంట, నిజమేనా?” అని యడిగెను. మేము మంచినీళ్లు తెచ్చి యిచ్చితిమి. ఆ ప్రశ్నకు మాత్రము జవాబీయలేకపోతిమి. ఆమె తిట్టిపోయినచో కొంత నయముగా నుండెడిది.

మోసము చేసినవారిని గూర్చి మాటలాడుటకు ఈ కథ చెప్పలేదు. మమ్ము కుర్చీలో కూర్చుండబెట్టినవారిలో సజ్జనులును గలరు. వారిలో నొక్కరైనను మమ్ము పిలిచి, ‘ఇది నోటీసు, ఇది పోయినసారి మినిట్సు, ఇది నగదు పుస్తకము, నీకు సమ్మతము కానిచో కాదని వ్రాయించుము’ అని చెప్పి యుండిన మా సంతకము అచట పడియుండెడిది కాదు. చదువురానివాని వ్రేలిముద్రకును, చదువువచ్చియు పద్ధతి తెలియనివాని సంతకమునకును భేదమేమి? చేనేత సహకార సంఘముల చరిత్ర యెరిగిన పెద్దలకు ఈ మాట విపులముగా జెప్పనక్కరలేదు. మగ్గమెన్నడును త్రొక్కనివారు పాలకవర్గమున నుండుటయు, నిజమైన నేతగాడు సభ్యుల పట్టీలో పేరుగా మాత్రమే మిగులుటయు మనము చూచినవే.

కావున సిద్ధపరచుట యనగా ఉపన్యాసములు వినిపించుట గాదు. ఒకనాటి శిక్షణశిబిరము పెట్టి, భోజనము పెట్టి, సర్టిఫికెట్టు చేతికిచ్చి పంపుటయు గాదు. (ఇట్టి శిబిరములు రెండింటికి మేము పోయితిమి. భోజనములు బాగుండెను.) నేతపని యెట్లు నేర్తుమో ఇదియు నట్లే నేర్వవలెను. పిల్లవాడు మొదట కండెలు చుట్టును; పిదప పడుగు సరిచేయునపుడు ప్రక్కన నిలుచును; తెగిన పోగును అతుకుట నేర్చును; ఆ తరువాత గదా తండ్రి లేచి తన చోట కూర్చుండబెట్టును! సంఘకార్యమునందును క్రొత్తవానిని ఒక సంవత్సరము ఆహ్వానితునిగా ప్రతి సమావేశమునకు పిలువుడు. పూర్వపు సమావేశపు మినిట్సును సెక్రటరీగారు గాక అతడే పైకి చదువవలెను. చదువునపుడు నాలుక తడబడిన చోటనే ప్రశ్న పుట్టును. పాతసభ్యు డొకడు అతనికి తోడుగా నుండి, ఇంటికి పోవు దారిలో ఆనాటి చర్చను విప్పిచెప్పవలెను. అన్నదానపు లెక్కవంటి చిన్న లెక్క నొకదానిని అతని కప్పగించి, వోచర్లతోను నిలువతోను మహాసభకు ఒప్పజెప్పింపవలెను. పడుగున నొక పోగు తెగినచో చేతితో తడవి కనిపెట్టగలిగిన మనవారు జమాఖర్చులో తెగిన పోగును కనిపెట్టలేరా?

అన్నిటికంటె ముఖ్యమైనది అసమ్మతి. కాదన్నవాని పేరు, అతడు చెప్పిన కారణము మినిట్సులో వ్రాయింపవచ్చునని మనలో నెందరికి దెలియును? చప్పట్లతో ఏకగ్రీవముగా నడచిన సభయే గొప్ప సభయని మనకొక భ్రమ గలదు. క్రొత్తగా వచ్చినవాడు తనకు నీడ నిచ్చిన యూరి పెద్దల యెదుట కాదనుటకు పదింతలు వెనుదీయును. ఆ మాట అతనిచేత ననిపించుట పెద్దల కర్తవ్యము. ‘నీ యభిప్రాయ మేమి?’ అని అధ్యక్షుడు పేరుపెట్టి యడిగినచో సగము పని యయినట్లే.

అతని వలన మనకేమి లాభమని యడుగువారు గలరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు మునిగినపుడు మేము కొందరము కలిసి మనవారికి బియ్యము, దుప్పట్లు పంచ బూనితిమి. పట్టీ వ్రాయుటకు మా చేత నున్నది చందా పుస్తకము. దానినిబట్టియే వ్రాసితిమి. ఆహ్వానితునిగా వచ్చి మూలను గూర్చున్న యొక యువకుడు, ఆటో నడుపుకొనువాడు, లేచి, “చందా కట్టినవాళ్ల పేర్లే రాస్తున్నారు గదండీ, అద్దె కొంపల్లో కింది గదులవాళ్లు ఇందులో ఒక్కరూ లేరు” అనెను. సభ ఒక్కక్షణము నిశ్శబ్దమయ్యెను. అతడు ఆ సందులన్నియు నెరిగినవాడు. ఆ రాత్రియే పట్టీని తిరుగవ్రాసితిమి. మాకు దయ లేక గాదు, మాకు కనబడలేదు. కనబడువాడు సభలో నున్నాడు గనుక ఆ తప్పు దిద్దుకొంటిమి.

మనవారే వలసపోయిన చోట్ల నేమి జరిగినదో చూడుడు. తెలంగాణపు పద్మశాలీయులు బ్రదుకుతెరువునకై సోలాపురము పోయిరి. 1877లో అచట మొదటి బట్టలమిల్లు వెలసినది. మిల్లులలోను, చేతిమగ్గములమీదను, పిమ్మట మరమగ్గములమీదను పనిచేసి నగరపు తూర్పు పేటలను తెలుగుపేటలుగా జేసిరి. ఆ సోలాపురమునుండి లోకసభకు 1980, 1984 సంవత్సరములలో గంగాధర కూచన్‌గారును, 1989, 1991లలో ధర్మణ్ణ సాదుల్‌గారును, 1996లో లింగరాజ వల్యాళ్‌గారును ఎన్నికైరి. పార్టీ లొక్కటి కావు. ఐనను ముగ్గురును మన తెలుగు నేతవారి బిడ్డలే. ఇది ఆకాశమునుండి ఊడిపడినది కాదు. దానికి వెనుక విద్యాసంస్థలు, సహకారసంఘములు, మార్కండేయుని పేర నొక సహకార వైద్యశాల, వాని పాలకవర్గములు గలవు. అచటి నగరపాలనము నడచునది మరాఠీలో. ఇంట తెలుగు నిలుపుకొని, సభలో మరాఠీలో వాదింపగలిగినవానికే అచట మాట చెల్లును. భాషను నేర్పుటయు సిద్ధపరచుటలోని భాగమే. మన పారిశ్రామికవాడకు ఒడిశానుండియు, బీహారునుండియు వచ్చిన కూలీల బిడ్డలు తెలుగు బడులలో చదువుచున్నారు. వారి తల్లిదండ్రులు బడి కమిటీలో గూర్చుండిన నాడు తెలుగులో నున్న నోటీసును వారికి చదివి చెప్పువా డెవడు?

ఆ కమిటీ సంగతియు కొంత తెలియవలసినది. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు బిడ్డల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను; సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. బడికి వచ్చిన గ్రాంటు ఎట్లు వినియోగమైనదో చూచుట వారి హక్కు. బడి అభివృద్ధి ప్రణాళిక వ్రాయుట వారి పని. ఈ యూరిలో ఇల్లు లేకున్నను, బిడ్డ బడిలో నున్న చాలును. వలసవచ్చిన తల్లికి దొరకు మొదటి కుర్చీ ఇదియే. మన మహిళాశాఖవారు ఒక్క పాఠశాలను దత్తుగొని, కమిటీలోని తల్లులకు గ్రాంటు లెక్క చదువుట నేర్పినచో, అది పట్టుచీరల సన్మానములకంటె మేలని మా యభిప్రాయము. ఈ మాటకు మహిళాశాఖవారు కోపగింపరని నమ్ముచున్నాము.

ఇక పురపాలకసంఘము. కొండపల్లి, ఇబ్రహీంపట్నము పంచాయతీలు కలిసి కొండపల్లి పురపాలకసంఘమై, 2021 నవంబరులో 29 వార్డులకు ఎన్నికలు జరిగినవి. వలసవచ్చినవారిలో పలువురి ఓటు నేటికిని స్వగ్రామముననే యున్నది. పండుగకు పోయినట్లు ఓటునకు పోయివత్తురు. ఇచటి ఓటర్ల జాబితాలో పేరులేనివాడు ఇచట అభ్యర్థి కాజాలడు. స్వగ్రామముపై మమకార మెవరికి లేదు? మాకును గలదు. కాని మురుగుకాలువ ఇచటిది, ఓటు అచటిది యగుచో కాలువను గూర్చి యడుగువా డెవడు?

పరులను గూర్చి చాల చెప్పితిమి. మన యింటిమాట మిగిలినది. మన సంఘపు నియమావళిలో, ఈ ప్రాంతమున పదునైదేండ్లు నివాసమున్నవాడే కార్యదర్శి, కోశాధికారి పదవులకు అర్హుడని యొక నియమము గలదు. దానిని వ్రాసిన పెద్దల యుద్దేశము చెడ్డదని మే మనము. నిన్న వచ్చి రేపు పోవువాని చేత సంఘపు ధన మెట్లు పెట్టుదుమను వారి శంక సహజమైనదే. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకములు, మూడు మాసములకొకసారి లెక్క తనిఖీ, కార్యవర్గపు జాబితాను చట్టప్రకారము ఏటేట రిజిస్ట్రారునకు పంపుట, ఇవి సరిగా నడచుచో ఆ శంకకు సగము సమాధానము దొరకును. ఇవి నడవనిచో పదునైదేండ్లు కాదు, ఏబదియేం డ్లున్నవానిచేతనైనను ధనము నిలువదు. మన బిడ్డలు సముద్రములు దాటి పోయి, అమెరికాలో పాఠశాలల బోర్డులకు పోటీచేసిరని వినినపుడు వారి ఛాయాచిత్రములను ఇట్టి సంచికలలోనే ముద్రింతుము. దక్షిణాఫ్రికాలో చెరకుతోటల కూలికిపోయిన తెలుగువారి సంతతి 1931లో ఆంధ్రమహాసభను నెలకొల్పుకొనిరని గర్వముతో చెప్పుకొందుము. అచట వారిని పదునైదేండ్లాగుడనిన మనమెంత నొచ్చుకొందుము!

కావున ఆ పదునైదేండ్లను మూడేండ్లుగా జేసి, అందొక సంవత్సరము ఆహ్వానితునిగా పనినేర్చియుండవలెనని సవరణ నొకదానిని వ్రాసి కార్యదర్శిగారికి నిన్ననే యిచ్చితిమి. వారు దానిని పుచ్చుకొనిరి గాని, ఈయేడు వద్దేమో యని మెల్లగా ననిరి. వారి యిబ్బంది మాకు దెలియును. ఐనను విషయనిర్ణయ సభకు దానిని దెత్తుము. ఓడిపోయినచో మా యసమ్మతిని మా పేరున వ్రాయింపుడని అధ్యక్షులవారిని ముందుగనే ప్రార్థించుచున్నాము.

విషయనిర్ణయ సభ సాయంకాలము ఐదు గంటలకు వెనుకనున్న రేకులషెడ్డులో జరుగును. థర్మల్‌లో రెండవ షిఫ్టునకు పోవువారు ఆ వేళకు రాజాలరు గనుక, దానిని రేపటి యుదయమునకు మార్చుట సాధ్యమగునా యని ఆహ్వానసంఘమువారు ఆలోచింతురు గాక. సవరణ ప్రతులు ద్వారముకడ నున్న బల్లమీద గలవు.