మిరప కోతలకు వెళ్లలేని యాడి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

ఫిబ్రవరి 15న మనం సేవాలాల్ జయంతి జరుపుకునే రోజుల్లోనే గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలల్లో మిరప కోతలు జోరుగా ఉంటాయి. తెల్లారేసరికి తండా అంతా ఆటోలెక్కుతుంది. ఎక్కలేనిది సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ యాడి. ఎనిమిదేళ్లొచ్చినా మెడ నిలవని బిడ్డను ఎత్తాలి, కడగాలి, తినిపించాలి. కూలి పోతుంది. పైగా "గ్రహణం పట్టింది, కడుపుతో ఉన్నప్పుడు నువ్వే చూసుకోలేదు" అన్న మాట పడాలి.

గ్రహణం కాదు, తల్లి తప్పూ కాదు. కడుపులోనో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో మెదడుకు జరిగిన నష్టం అది. నెలలు నిండకుండా పుట్టడం, ఊపిరి అందకపోవడం, కామెర్లు ముదరడం కొన్ని కారణాలు. అంటుకోదు. పూర్తిగా నయంచేసే మందు లేదు గానీ, ఫిజియోథెరపీతో బిడ్డ ఎంతో నేర్చుకుంటాడు. మాట రాకపోతే తెలివి లేదనుకోకండి. చాలామందికి అన్నీ అర్థమవుతాయి, మనం అనే మాటలతో సహా!

దక్షిణాఫ్రికాలో ఇలాంటి తల్లుల కోసం 'హంబిసేలా' అనే శిక్షణ పుట్టింది. బంగ్లాదేశ్‌లో దాన్ని అక్కడి తల్లుల బృందాలకు తగ్గట్టు మార్చుకున్నారు. తల్లులు కూర్చుని ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. మన డ్వాక్రా సంఘాలున్న తండాల్లో ఇది అసాధ్యమా?

మీరు చేయగలిగింది చెప్తాను. ముందు ఆ యాడి దగ్గరే పని నేర్చుకోండి. పడుకోబెట్టి తినిపించకూడదు, ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలకుండా పట్టుకుని, కొంచెం కొంచెంగా పెట్టాలి. మిరపకాయలు కోసిన చేతులైతే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఉత్త నీళ్లకు ఆ మంట పోదు. ఫిట్స్ మందు ఒక్క పూట కూడా ఆపకూడదు.

కాగితాల పని కూడా మీదే, ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయిగా! 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ వైకల్యం ఉంది. సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేయించండి. 40 శాతం పైన ఉంటే పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. అది 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. నేషనల్ ట్రస్ట్ వారి 'నిరామయ' బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది. మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. శిబిరానికి బిడ్డను ఎత్తుకుని తోడు వెళ్లండి.

బయట బల్ల మీద నోటుపుస్తకం పెట్టాం. మీ తండా పేరు, వారంలో మీకు వీలయ్యే పూట రాయండి.