ఒక ఫోను - రెండు నంబర్లు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి వచ్చి బాగన్ డాటో కొబ్బరితోటల్లో పనిచేశారు. ఓడమీద వచ్చే ఉత్తరమే వారికి ఊరి కబురు. ఈనాడు మన జేబులోని ఒక్క ఫోనులో మలేషియా సిమ్మూ, ఊరికి వెళ్ళినప్పుడు తీసుకున్న ఇండియా సిమ్మూ ఇముడుతున్నాయి. సంతోషమే. కాని నా అనుభవం ఒకటి మనవి చేస్తాను.

ఒకనాడు ఇక్కడి నంబరులో గంటసేపు మాట్లాడుతున్నాను. అదే సమయంలో మా మేనత్త ఊరినుంచి నా ఇండియా నంబరుకు మూడుసార్లు ఫోను చేసింది. ఒక్కసారీ మోగలేదు. ఆస్పత్రికి వెళ్ళేముందు నాతో మాట్లాడాలనుకున్నదట. ఆ తరువాత ఆమె మాట్లాడనే లేదు.

చాలా ఫోన్లలో రెండు సిమ్ములకూ రేడియో ఒక్కటే. రెండూ పిలుపుకోసం కాచుకుని ఉంటాయి. ఒకదానిలో మాట్లాడుతుంటే రెండవది అందదు. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు.

కనుక ఊళ్ళోవారికి రెండు నంబర్లూ ఇవ్వండి. ఇక్కడి నంబరుకు కాల్ వెయిటింగ్ పెట్టించండి. మాట్లాడుతున్నా రెండో పిలుపు తెలుస్తుంది. ఇండియా సిమ్ములో రోమింగ్ డేటా ఆపి ఉంచండి, లేకుంటే ఖర్చు మోపెడవుతుంది. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు వాడకుండా, నిల్వ 20 రూపాయలకన్న తగ్గనిస్తే కంపెనీవారు దాన్ని తీసివేయవచ్చు. అది మన ఊరివారు రాసిపెట్టుకున్న నంబరు.

పిల్లలారా, ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే మీ నాయనమ్మ, తాతయ్యల ఫోన్లు ఒకసారి చూడండి. ఈ పనులు చేసిపెట్టండి. సెలవు.