లోచెవికి మందు చేరు త్రోవ



ముప్పదియేండ్లకు పైగా నేను బడిపంతులుగా నుంటిని. బాలుడు దీర్ఘమును హ్రస్వముగా పలికినచో పట్టుకొన్న చెవులివి. మూడేండ్ల క్రిందట నొకనాటి యుదయమున నిద్ర లేచునప్పటికి నా యెడమచెవి వినబడదాయెను. నొప్పి లేదు, చీము లేదు. హోరు మాత్రము కలదు. గుబిలి యడ్డుపడినదని తలచి, వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా పోయించుకొంటిని. రేపటికి సర్దుకొనునని నెలదినములు గడపితిని.

పిదప వైద్యుడు చూచి, "పంతులుగారూ, వ్యాధి గర్భగుడిలో నున్నది. తమరు నూనె పోసినది గోపురద్వారమున" అనెను.

ఆ మాట నిజము. వెలుపలి చెవికి చివర కర్ణభేరి తలుపువలె నున్నది. చిల్లులేని భేరిని నూనె దాటజాలదు. దాని వెనుక మధ్యకర్ణము. అటుపిమ్మట, ఎముకలో పొదిగిన లోచెవి. అందు నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన గొట్టములో సుమారు 15,000 కేశకణములు శబ్దమును గ్రహించును. అవి నశించినచో మనుష్యునకు మరల పుట్టవు. మ్రింగిన మందు రక్తముతో నచ్చటికి పోయినను, అచ్చటి సూక్ష్మ రక్తనాళముల గోడలు కావలివారివలె దానిని చాలవరకు నాపివేయును.

కావున వైద్యులు వేరొక త్రోవ త్రొక్కిరి. భేరిని మొద్దుబార్చి, సన్నని సూదితో మధ్యకర్ణమున మందు నింపుదురు. మధ్యకర్ణమునకును లోచెవికిని నడుమ పలుచని పొర మూసిన గుండ్రని గవాక్షము కలదు. ఆ పొరగుండ మందు మెల్లగా లోనికి ఇంకును. రోగి యించుమించు అరగంట చెవి పైకి పెట్టి పండుకొని, ఉమ్మి మ్రింగకుండవలెను. మ్రింగినచో మందు గొంతులోనికి జారిపోవును. అమెరికా వైద్యుడు షుక్నెక్ట్ 1956లోనే తలతిప్పు వ్యాధికి స్ట్రెప్టోమైసిను నిట్లు వాడెను. నేడు ఆకస్మికమైన చెవుడునకు స్టీరాయిడు నిట్లే యిత్తురు. ఒక జన్యులోపముచే పుట్టుచెవుడు గల ఆరుగురు బాలురకు షాంఘై వైద్యులు ఆ గవాక్షముగుండనే మంచి జన్యువును పంపగా, ఐదుగురికి వినికిడి కలిగినదని 2024లో ప్రకటించిరి.

అయితే త్రోవ యున్నను వేళ మించరాదు. ఆకస్మిక బధిరత్వమునకు మొదటి రెండు వారములే ముఖ్యము. అప్పుడైనను అందరికిని వినికిడి తిరిగి రాదు; ఆలస్యమైనకొలది ఆశ తగ్గును. నాకును సూది వేసిరి. ఆ చెవి మేలుకొనలేదు. ఇప్పుడు నా మనుమరాలు పాఠము చదువునప్పుడు కుడివైపునకు వచ్చి కూర్చుండును.

పెద్దలారా, ఉన్నట్లుండి ఒక చెవి వినబడకున్నచో నూనెగిన్నె పొయ్యిమీద పెట్టకుడు. ఆ దినముననే చెవివైద్యుని యొద్దకు బయలుదేరుడు. నేను చేసిన తప్పు మీరు చేయకుందురుగాక.