లంబసింగి దారిలో ఒక రోజు

లంబసింగి అనగానే మనందరికీ గుర్తొచ్చేది మంచు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడి చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగిందని పేపర్లలో చదువుతూనే ఉంటాం. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడట! మంచు సంగతి రెండు మాటల్లో చెప్పేసి, అక్కడికి తీసుకువెళ్ళే రోడ్డు సంగతికి వస్తాను.

మా కాలనీ ఆడవాళ్ళం మినీ బస్సు మాట్లాడుకుని, విశాఖపట్నం నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరాం. నర్సీపట్నంలో గైడు ఎక్కాడు, చింతపల్లి వైపు కుర్రాడు. మీరు వెళ్ళినా ఆ ప్రాంతం మనిషినే తోడు తీసుకోండి. డ్రైవరుకి దారి తెలుస్తుంది గాని దాని కథ తెలియదు కదా.

తెల్లవారేసరికి ఘాటు ఎక్కి లంబసింగి చేరాం. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. పక్కనున్న మనిషి కనిపించడం లేదు, మాట మాత్రం వినిపిస్తోంది. పొద్దెక్కాక పొగమంచు తెరలు తెరలుగా విడిపోతే, పొడుగాటి సిల్వరోక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు బయటపడ్డాయి. శాలువా తెచ్చుకోమంటే నవ్వినవాళ్ళంతా నా శాలువాలో దూరారు. తాజంగి జలాశయం గట్టు మీద పులిహోర తిని చింతపల్లి వెళ్ళాం.

అక్కడ సంత. మిరియాలు, పసుపు, అడ్డాకు విస్తళ్ళు కొన్నాం. రాజ్మా గింజలమ్మే ఒక గిరిజన స్త్రీతో నేను పది రూపాయల కోసం పావుగంట బేరమాడాను. చివరికి ఆవిడే తగ్గింది. బస్సులో ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

తిరిగి ఘాటు దిగుతూంటే, ఒక మలుపు దగ్గర గైడు బస్సు ఆపించాడు. చూడ్డానికి అక్కడేమీ లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. "ఇదేనమ్మా అసలు చూడాల్సింది" అన్నాడు, కాలి కింద రోడ్డు చూపిస్తూ.

నర్సీపట్నం నుంచి లంబసింగికి ఈ దారిని కొండ మనుషుల చేతనే వేయించారు. అప్పటి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అనేవాడు వాళ్ళకి న్యాయంగా రావలసిన కూలి చేతికివ్వకుండా పని చేయించుకునేవాడు. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. అడవిలో కట్టె కొడితే నేరం, రోడ్డు మీద రాయి కొడితే కూలి లేదు. అల్లూరి సీతారామరాజు వెంట వాళ్ళు నడవడానికి ఇదీ ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడిచేసి తుపాకులు పట్టుకుపోయారు. మేం పొద్దున్న సంతలో తిరిగిన చింతపల్లే మొదటిది!

పిల్లల పాఠాల్లో రామరాజు పేరుంటుంది గాని, ఈ కూలి సంగతి నాకు తట్టనే లేదు. ఒళ్ళో రాజ్మా సంచీ ఉంది. పది రూపాయల మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రానికి కృష్ణదేవిపేట చేరాం. 1924 మే 7న కొయ్యూరులో రామరాజుని కాల్చి చంపారు. అప్పటికి ఆయనకి ఇంకా ఇరవయ్యేడు నిండలేదు. నా పెద్దకొడుకు కంటే చిన్నవాడు. సమాధి ఇక్కడే ఉంది, ఆ పక్కనే ఆయన అనుచరుడు గాం గంటం దొర సమాధి. గంటం దొర తమ్ముడు మల్లు దొరది ఇంకో కథ. పట్టుబడి శిక్ష అనుభవించిన ఆ మనిషి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. గైడు ఈ మాట చెబుతున్నప్పుడు గొంతు కొంచెం పెంచాడు. మాలో ఒకావిడ తల్లో పువ్వులు తీసి రెండు సమాధుల మీదా పెట్టింది. ఎవరం ఏమీ అనుకోలేదు, ఒకరి తరవాత ఒకరం అదే పని చేశాం.

కొండ దిగాక అందరికీ నిద్ర ముంచుకొస్తుంది, డ్రైవరు ఇంటిదారి పట్టిస్తాడు. అందుకని బస్సు మాట్లాడుకునేటప్పుడే కృష్ణదేవిపేట కూడా కలిపి ఒప్పందం చేసుకోండి. శాలువాలు మరవకండి. కొండమీద సెల్‌ఫోను సిగ్నలు ఉన్నచోట ఉంటుంది, లేనిచోట లేదు. కాబట్టి ఫోనుతో డబ్బు కట్టొచ్చులే అనుకోకుండా సంతకి పది రూపాయల నోట్లు కాస్త ఎక్కువగానే తీసుకెళ్ళండి.